కాంతమణి గెలిచిన ఆరు సీసాలు

మెట్టుగూడలో జాకెట్టు కుట్టించుకోవాలని ఎవరినడిగినా కాంతమణి ఇల్లే చూపిస్తారు. రైల్వే క్వార్టర్ల వెనక సందులో, ముందుగదే ఆవిడ దుకాణం. రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, సగం గదిని ఆక్రమించిన కటింగ్ టేబులు. కాంతమణి కొలత ఒక్కసారే తీసుకుంటుంది, గుడ్డ ఒక్కసారే కోస్తుంది. కుట్టాక వచ్చి "జెర వదులు చెయ్యి కాంతక్కా" అని బతిమాలితే, "వదులు కావాల్నంటే అప్పుడే చెప్పాలె" అంటుంది. అలాంటి మనిషి యాభై దాటాక ఇల్లంతా తలకిందులు చేసి ఒక విందు చేసింది. ఆస్ట్రేలియా వైన్ విందు. ఆ ఇంట్లోవాళ్లు వైన్ అనే మాటను అంతవరకూ సందు చివర మందు దుకాణం బోర్డు మీదే చూశారు. ఆ బోర్డు మీద వైన్స్ అని ఉంటుందే గానీ లోపల అమ్మేదంతా విస్కీ, బీరూనే.

ఉగాదికి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో టికెట్ల మీద అంకెలు కొట్టేసే హౌసీ ఆట ఆడించారు. భర్త హరికిషన్ రైల్వేలో ఫిట్టరు, అందుకని ఏటా వెళ్తారు. ఏటా ఏ ప్లాస్టిక్ డబ్బానో తెచ్చుకుంటారు. ఈసారి అంకెలన్నీ ముందు కొట్టేస్తే వచ్చే ఫుల్ హౌస్ కాంతమణికి పడింది. మైకు పట్టుకున్న పెద్దమనిషి బహుమతి చదివాడు: ఆస్ట్రేలియా వైన్, ఆరు సీసాల పెట్టె. తీరా చూస్తే స్టేజి ఎక్కింది చీర చెంగు నడుముకు దోపుకున్న ఆడమనిషి.

"మేడమ్, జెర సార్‌ని పంపుండ్రి. గిది సార్‌కే పనికొస్తది," అన్నాడు ఆయన, మైకులోనే.

ప్రాంగణమంతా ఘొల్లుమంది. కింద కుర్చీలో హరికిషన్ కూడా నవ్వుతూ లేచి నిలబడ్డాడు. కాంతమణికి ఒళ్లు మండిపోయింది. "టికెట్ నాది సార్," అని పెట్టె తనే ఎత్తుకుని, తనే మెట్లు దిగి, ఇంటిదాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా హరికిషన్ "బరువుంటది, ఇటియ్యి" అంటూనే ఉన్నాడు. ఆవిడ ఇవ్వలేదు.

ఇంటికి రాగానే ఆయన ప్లాన్ షురూ అయింది. "ఐతారం మధుగాన్ని, తిరుమల్‌ను పిలుస్త. డాబా మీద కూసుంటం."

ఆ డాబా దావత్ సంగతి చెప్పాలి. మధుసూదన్, తిరుమల్ ఆయనతో పాటు రైల్వేలో చేరిన దోస్తులు. వాళ్లు వస్తే మగవాళ్లు పైకి, ఆడవాళ్లు లోపలి గదిలోకి. పైన గ్లాసులు, ఐసు, మంచింగ్. కింద టీవీ, కూల్‌డ్రింకు. "కాంతా, పల్లీలు!" "వదినా, చికెన్ అయిందా?" అని పైనుంచి కేకలు వస్తుంటే మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండడం కాంతమణి పని. బాగా పొద్దుపోయాక వాళ్లు దిగి వచ్చి, చల్లారినదాన్ని మళ్లీ వేడి చేయించుకుని తింటారు. వాళ్ల తర్వాత విందుకొచ్చిన ఆడవాళ్లు తింటారు. ఆ తర్వాత అత్తగారు దేవమ్మ. అందరి చేతులూ కడిగించాక వంటింట్లో పీట మీద కాంతమణి. పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస.

హరికిషన్ చెడ్డవాడని కాదు. చెడ్డవాడైతే ఆవిడ ఎప్పుడో తేల్చుకునేది. చెయ్యెత్తడు, జీతం దాచడు, జ్వరమొస్తే మందులు తెచ్చిస్తాడు. మంచివాడితో పేచీ పెట్టుకోవడానికి ఎవరికైనా ఒక సాకు కావాలి. ఆవిడకు ఇన్నాళ్లూ అది దొరకలేదు.

"ఇవి నావి," అంది కాంతమణి పెట్టెను తన మిషన్ కిందకు తోస్తూ. "దావత్ నేను చేస్త. ఎవరు ఏడ కూసుంటరో సుత నేనే చెప్త."

ఆవిడకు కావలసింది ఒక్కటే. తన ఇంటి విందులో తను కుర్చీలో కూర్చోవాలి, మొగుడి పక్కన, అందరితో కలిసి, వేడివేడిగా తినాలి. చెప్పుకుంటే ఎవరైనా ఇంతేనా అంటారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఇక వైన్ గురించి తెలుసుకోవాలి. నేరేడ్‌మెట్ నుంచి వచ్చే లాస్య అనే అమ్మాయి పెద్ద హోటల్లో రెస్టారెంట్ చూసుకుంటుంది. జాకెట్ కొలతలకు వచ్చినప్పుడు కాంతమణి సీసాలు వరసగా పేర్చి చూపించింది. లాస్య చేతులు చాపి కొలతలిస్తూనే పాఠం చెప్పింది. నురగ వచ్చేది ఒక్కటే ఉంది, అది మొదట. తెల్లవి రెండు రీస్లింగ్, పుల్లగా ఉంటాయి, బాగా చల్లబరచాలి, చేపతో బాగుంటాయి. ఎర్రవి మూడూ షిరాజ్, వాటిల్లో మిరియాల వాసన ఉంటుంది, మటన్ పక్కన పెట్టాలి.

"కానీ ఆంటీ, ఇది మనోళ్ల లెక్క కాదు. ముందుగల తాగి తర్వాత తినేది కాదు. కూసొని, తింట తింట తాగాలె. అందరు ఒక్క టేబుల్ మీద."

కాంతమణి చేతిలో టేపు ఆగిపోయింది. "మళ్ల చెప్పు," అంది. లాస్య మళ్లీ చెప్పింది. ఆ అమ్మాయికి ఆ జాకెట్టు మర్నాటికే తయారైంది.

పండక్కి చీర కూడా అడగని కాంతమణి ఆ సాయంత్రమే మొగుడికి తేల్చి చెప్పింది. డాబా మీద కాదు, కింద. ఆడ, మగ ఒకే టేబుల్ దగ్గర. ఇది నా మాట కాదు, వైన్ పద్ధతే అంత. హరికిషన్ ఒక సీసా తీసుకుని మూత తిప్పి చూశాడు. అది కిర్రుమని తిరిగింది. ఆయన ముఖం వెలిగింది.

"చూడు! కార్కు లేదు. తిప్పితె వస్తున్నది, దగ్గు మందు లెక్క. డూప్లికేట్ అంటగట్టిండ్రు నీకు. దీనికి మళ్ల టేబులా?"

ఆస్ట్రేలియాలో మంచి వైన్‌కూ తిప్పే మూతే పెడతారని లాస్య ముందే చెప్పి ఉండకపోతే కాంతమణి అక్కడ తడబడేది. తడబడలేదు. "వాళ్లు గట్లనే పెడ్తరు. నువ్వు మూత తాగుతవా, లోపలిది తాగుతవా?" అంది. తలుపు చాటు నుంచి అత్తగారు కిసుక్కున నవ్వింది.

ఆ మూత తిప్పిన సీసాను వృథా చెయ్యకుండా దాంతోనే పరీక్ష పెట్టింది. మధ్యాహ్నం, హరికిషన్ డ్యూటీలో ఉండగా, అత్తాకోడళ్లిద్దరూ వంటింట్లో చెరో స్టీలు గ్లాసులో ఇంతింత షిరాజ్ పోసుకుని, రోజూ వండే మటన్ కూర ముందు పెట్టుకున్నారు. దేవమ్మకు ఎనభైకి దగ్గర. పుట్టింట్లో పండగలకు అమ్మతో కలిసి కల్లు తాగిన మనిషి, అత్తింటికి వచ్చాక మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకుని ఒక గుక్క తాగి ఆవిడ కళ్లు పెద్దవి చేసింది.

"నోట్ల నిప్పు పోసినట్టున్నదే! గిదేం మందే?"

నిజమే. మన కారానికి ఆ ఎర్రటి వైన్ తోడైతే నాలుక భగ్గుమంటుంది. కాంతమణి ఆలోచించింది. ఎండు కారం సగానికి తగ్గించి, మిరియాలు దంచి వేసి, గసాలు, ఎండుకొబ్బరి నూరి పోసి మర్నాడు మళ్లీ వండింది.

దేవమ్మకు కోపం వచ్చింది. "సీసల ఉన్నదాని కోసం మా అత్త నేర్పిన కూర మారుస్తవా? ఆ సీసనే పారెయ్యి."

"సీసల ఉన్నది మనం మార్చలేం అత్తమ్మా. కూర మన చేతిల ఉన్నది. జెర తిని చూడు."

దేవమ్మ గునుస్తూనే తిన్నది. గుక్క తాగింది. ఇంకో ముక్క తీసుకుంది. బాగుందని మాత్రం అనలేదు. "ఇంక జెర పొయ్యి," అని గ్లాసు చాపింది, కాంతమణికి ఆ మాట చాలు.

ఇక మిగిలింది టేబులు. ఆ ఇంట్లో ఏడుగురు కూర్చుని తినేంత బల్ల కటింగ్ టేబుల్ ఒక్కటే. కానీ అది నిలబడి గుడ్డ కోయడానికి చేయించింది, కుర్చీలో కూర్చుంటే గడ్డం దాకా వస్తుంది. కాంతమణి వడ్రంగి షాలేమ్‌ను పిలిపించి నాలుగు కాళ్లూ కోయించింది. రంపం చప్పుడుకు హరికిషన్ పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చి లేసిందా నీకు? రోజు పని చేసుకునే టేబులు! రేపట్నుంచి వంగి కోస్తవా?"

"కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుంట," అంది కాంతమణి, రంపం వైపే చూస్తూ. ఇరవై ఏళ్లు ఆవిడ నడుమును కాపాడిన ఎత్తు అది. కానీ కోయమన్నాక మధ్యలో ఆపడం ఆవిడకు చేతకాదు.

కుర్చీలు పక్కింటి సబీహా ఇచ్చింది. భోజనానికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. "మందున్న కాడ నేను కూసోను అక్కా, ఏమనుకోకు. కుర్చీలు తీస్కపో. ఆ మటన్ మాత్రం నాకు ముందుగల్నే ఒక గిన్నె పంపాలె." విందు నాడు కాంతమణి ఆ గిన్నే మొదట పంపింది. గ్లాసుల కోసం రాంగోపాల్‌పేట్ వెళ్లింది. పుట్టి పెరిగిన పేట కాబట్టి గాజు సామాను ఏ సందులో దొరుకుతుందో తెలుసు, పొడుగు కాళ్ల గ్లాసులు వార్తాపత్రికల్లో చుట్టించుకుని పసిబిడ్డల్లా తెచ్చుకుంది. ఎర్ర వైన్‌ను గది వేడిలో ఉంచాలని ఫోన్‌లో ఎవరో వీడియోలో చెప్పారు. వాళ్ల గది ఎలాంటిదో గానీ ఏప్రిల్ నెలలో మెట్టుగూడ గది పొయ్యిలాగే ఉంటుంది. అందుకని షిరాజ్ సీసాలకు తడిగుడ్డ చుట్టి, నీళ్లు చల్లబరిచే రంజన్ కుండ పక్కన పెట్టింది.

పిలుపు కూడా తనే చేసింది. మగవాళ్లకు కాదు, వాళ్ల భార్యలకు. మధుసూదన్ భార్య రజితకు, తిరుమల్ భార్య సుకన్యకు ఫోన్ చేసి, "దీపాలు పెట్టంగనే రావాలె. టేబుల్ మీద కూసొని తింటం. వడ్డించేది లేదు, ఉరికేది లేదు," అని చెప్పింది. రజిత గొంతు తగ్గించి, "ఆయన ఒప్పుకుంటడా అక్కా?" అంది. "ఒప్పుకునేది ఏమున్నది, ఆకలైతె కూసుంటడు," అంది కాంతమణి.

అనుకున్న ఆదివారం వచ్చింది. ఆడవాళ్లు చెప్పిన వేళకే వచ్చారు, మొగుళ్లతో. మొగుళ్లు పేపర్‌లో చుట్టిన విస్కీ సీసాతో వచ్చారు. తెల్ల దుప్పటి పరిచిన టేబులును, దాని మీద నిలబడ్డ గ్లాసులను మధుసూదన్ చూసి, "అబ్బో వదినా, ఫైవ్ స్టార్ పెట్టినవ్!" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని తిన్నగా డాబా మెట్లెక్కాడు. వెనకే తిరుమల్. వాళ్ల వెనక, కాంతమణి వైపు చూడకుండా, హరికిషన్.

"జెర రెండు పెగ్గులు, అంతే. వస్తం," అని గొణిగాడు.

"చేప వేగుతున్నది. వేగంగనే తింటం," అంది కాంతమణి. "పైకి ఏం రాదు. ఐసు సుత రాదు."

చెప్పడం చెప్పింది గానీ, కొర్రమీను ముక్కలు పెనం మీద తిప్పుతూ చెవి మెట్ల వైపే పెట్టింది. ఈ పూట కూడా పాత వరసే నడిస్తే ఇక జన్మలో మళ్లీ ఈ మాట ఎత్తలేనని ఆవిడకు తెలుసు. టేబుల్ దగ్గర రజిత, సుకన్య కుర్చీల అంచుల మీద కూర్చున్నారు, పిలిస్తే లేవడానికి సిద్ధంగా. దేవమ్మ అసలు కూర్చోనే లేదు, వంటింటి గడప పట్టుకుని నిలబడింది.

"కొడుకు తినకముందు నేనెట్ల తింటనే?"

"అత్తమ్మా, నువ్వు కూసోకుంటె వీళ్లు కూసోరు. వీళ్లు కూసోకుంటె నేను కూసోలేను. నీకు దండం పెడ్త, కూసో."

ముసలావిడ కోడలి ముఖంలోకి చూసింది. ఏం కనిపించిందో గానీ, వచ్చి నడి కుర్చీలో, టేబుల్‌కు ఆ కొస నుంచి ఈ కొస దాకా కనిపించే చోట, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నురగ సీసాకు మాత్రం ఉన్న కార్కు టప్పున ఎగిరి నిలువుటద్దానికి తగిలింది. ఆడవాళ్లంతా కెవ్వుమని, తర్వాత పగలబడి నవ్వారు. గ్లాసులు నిండాయి. వేడి చేప వచ్చింది. కాంతమణి చెంగుతో చేతులు తుడుచుకుని, కూర్చుంది. పక్కన ఒక కుర్చీ ఖాళీ.

పైనుంచి కేక. "వదినా! మంచింగ్!"

రజిత అలవాటుగా లేచింది. "కూసో," అంది కాంతమణి.

మళ్లీ కేక. "కాంతా! ఐసు!" అది హరికిషన్ గొంతు. కాంతమణి చల్లటి రీస్లింగ్ సీసా తెరిచి అందరికీ పోసింది. చేప మీద నిమ్మకాయ పిండినట్టే ఉంది ఆ పులుపు. సుకన్య రెండో ముక్క తీసుకుంది, అడక్కుండానే.

చివరికి మెట్ల మీద అడుగుల చప్పుడు. హరికిషన్ ఖాళీ ప్లేటుతో దిగివచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. తల్లి కుర్చీలో కూర్చుని, గ్లాసు పట్టుకుని, నోటినిండా చేపతో ఆయన వైపు చూసింది. ఆయన పుట్టాక అలాంటి దృశ్యం చూడలేదు.

"ఏందిరా అట్ల చూస్తున్నవ్? కూసో, సల్లారుతది," అంది దేవమ్మ.

పైనుంచి దోస్తులు పిలుస్తున్నారు. ఆయన మెట్ల వైపు చూశాడు, ఖాళీ కుర్చీ వైపు చూశాడు. కాంతమణి ఆ కుర్చీని చేత్తో కొంచెం వెనక్కి లాగింది. హరికిషన్ ప్లేటు టేబుల్ మీద పెట్టి, వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత మిగిలిన ఇద్దరూ రావడం ఎంతసేపు? ఉత్త విస్కీతో ఎవరు కూర్చుంటారు! మధుసూదన్ రీస్లింగ్ రుచి చూసి ముఖం చిట్లించి, చేప తిని, మళ్లీ తాగి, "చేపతోని ఓకే," అన్నాడు. తిరుమల్ ఆ మాట కూడా అనలేదు, తింటూనే ఉన్నాడు. కాసేపటికి టేబుల్ చుట్టూ ఒకటే గోల. సుకన్య తన ఆడబిడ్డ పెళ్లిలో జరిగిన రభస చెబుతుంటే తిరుమల్ నోరు తెరుచుకుని విన్నాడు. "నాకెప్పుడు చెప్పలే ఇది!" అన్నాడు. "నువ్వెప్పుడు పక్కన కూసున్నవ్?" అంది సుకన్య.

షిరాజ్ తెరిచే వేళయింది. బగారన్నం గిన్నె, మటన్ కూర గిన్నె పక్క స్టూళ్ల మీద ఉన్నాయి. కాంతమణి లేవబోయింది. హరికిషన్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"నువ్వు కూసో. ఇయ్యాల నేను పెడ్త."

మధుసూదన్ ఈల వేశాడు. ఇంత ఆశించలేదు కాంతమణి. హరికిషన్ ఆవిడ పళ్లెమే ముందు తీసుకున్నాడు. గరిటె గిన్నె అంచు వెంట లోపలికి దించి, పైన ఉన్న తెల్లటి అన్నాన్ని పక్కకు తోసి, ఇంకా కిందికి గుచ్చి, బలంగా గోకాడు. అడుగంటిన అన్నం, గోధుమరంగు పెళ్లలు, కొన్ని నల్లగా మాడినవి, ఏరి ఏరి పళ్లెంలో వేసి, పైన ఇంత ఉత్త పులుసు పోసి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"నీకు అడుగుదే ఇష్టం గద. ఎవ్వరికి పెట్టకముందే నీ కోసం తీసిన."

కాంతమణి పళ్లెం వైపు చూసింది. తర్వాత మొగుడి ముఖంలోకి చూసింది. వేళాకోళం లేదు, ఎత్తిపొడుపు లేదు. అంతా ప్రేమే.

"ఇష్టమని నీకెవరు చెప్పిండ్రు?" అంది మెల్లగా.

"చెప్పేదేముంది? పెండ్లయినప్పట్నుంచి చూస్తలేనా? ప్రతి దావత్‌కు గిన్నె ఒంచుకొని అదే తింటవు."

"అదే మిగిలేది."

రజిత తల వంచుకుంది. దేవమ్మ గ్లాసు కింద పెట్టింది.

"మీ నాయిన సుత నాకు అదే ఇష్టమనుకున్నడు," అంది కొడుకుతో. "పోయేదాక గట్లనే అనుకున్నడు. నేను చెప్పలే."

హరికిషన్ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాంతమణి చెయ్యి అలవాటుగా ఆ పెళ్లల మీదికి పోయింది కూడా. తినేస్తే అయిపోతుంది, విందు హాయిగా సాగిపోతుంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పళ్లాన్ని రెండు చేతులతో ఎత్తి ఆయన కుర్చీ ముందు పెట్టింది.

"ఇది నువ్వు తిను. అత్తమ్మకు, నాకు పైనుంచి పెట్టు. ముక్కలు వెయ్యి. నాకొక నల్లి బొక్క సుత."

ఆయన పెట్టాడు. ముందు తల్లికి, తర్వాత ఆవిడకు. మూలుగున్న నల్లి బొక్క కోసం కూరంతా వెతికి, పెద్దది చూసి వేశాడు. తర్వాత అందరికీ వడ్డించి వచ్చి కూర్చుని, తన ముందున్న మాడు పెళ్లను కొరికాడు. అది గట్టిగా, చేదుగా ఉంది. ఆయన వదిలిపెట్టలేదు, మొత్తం తిన్నాడు.

తిన్నాక ఆవిడ వైపు వంగి, ఇతరులకు వినపడకుండా అడిగాడు. "నల్లి బొక్క ఇష్టమా నీకు?"

కాంతమణి గ్లాసులో షిరాజ్ ఇంకో గుక్క తాగింది. బొక్కను చేతిలోకి తీసుకుంది.

"ఏమో," అంది. "ఎన్నడు నా దాక రాలే. తిని చెప్త."